కీమో నడుస్తుండగా జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగకండి

ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్‌కి కీమో నడుస్తుంటే అందరి భయమూ బయటి క్రిముల మీదే ఉంటుంది. చుట్టాల్ని రావద్దంటారు, పండ్లు పూర్తిగా మాన్పిస్తారు. పచ్చివన్నీ మానేస్తే ఇన్ఫెక్షన్లు తగ్గాయని అధ్యయనాల్లో తేలలేదు, శుభ్రంగా కడిగి పెడితే చాలని ఇప్పుడు చాలామంది డాక్టర్లు అంటున్నారు, అసలే ఆకలి చచ్చిన మనిషికి ఆ నాలుగు ముక్కలూ ఎందుకు దూరం చేయాలి? రక్తంలోకి చేరి ప్రాణం మీదికి తెచ్చే బాక్టీరియా చాలావరకు రోగి పేగుల్లోనో, చర్మం మీదో ముందునుంచీ ఉన్నదే. కీమో మందు వేగంగా పెరిగే కణాలన్నిటినీ దెబ్బతీస్తుంది కాబట్టి నోట్లో, పేగుల్లో పొర పుండ్లు పడుతుంది, అక్కడినుంచి ఈ-కొలై, క్లెబ్సియెల్లా లాంటి బాక్టీరియా రక్తంలోకి దిగుతాయి, వాటిని మింగేయాల్సిన న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు కూడా సరిగ్గా అప్పుడే పడిపోయి ఉంటాయి.

చాలా రకాల కీమోల్లో ఈ న్యూట్రోఫిల్స్ కౌంట్ మందు ఎక్కించాక 7 నుంచి 14 రోజుల మధ్య బాగా తగ్గుతుంది. మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తగ్గితే ప్రమాదం. కౌంట్ ఎంత పడితే, ఎన్నాళ్లు అలాగే ఉంటే ఇన్ఫెక్షన్లు అంత ఎక్కువని అమెరికా డాక్టరు జెరాల్డ్ బోడీ బృందం 1966లోనే లుకేమియా (రక్త క్యాన్సర్) రోగుల్లో చూపించింది. అందుకే ముప్పు ఎక్కువున్నవాళ్లకి కౌంట్ పెంచే ఇంజెక్షన్లు, కొందరికి ముందుగానే యాంటీబయాటిక్ మాత్రలు ఇస్తారు.

ఇంకో సంగతి. చీము పట్టాలన్నా న్యూట్రోఫిల్సే కావాలి, అవి లేనప్పుడు వాపూ ఎరుపూ సరిగా కనిపించవు, చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. 100.4 ఫారెన్‌హీట్ దాటిందా, అర్ధరాత్రయినా డాక్టరుకి ఫోన్ చేసి ఆసుపత్రికి బయల్దేరండి. పారాసెటమాల్ వేసి "పొద్దున చూద్దాం" అనుకుంటే జ్వరం దిగుతుంది, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. వెళ్లగానే కీమో నడుస్తోందని చెప్పాలి, రక్తం కల్చర్‌కి (అందులో బాక్టీరియా ఉందేమో చూసే పరీక్షకి) తీసి గంటలోపు యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. చలి, వణుకు, నీరసం ఉంటే జ్వరం లేకపోయినా ఇదే దారి.

మిగిలింది పిక్ లైన్ (చేతి సిరలోంచి గుండె దగ్గరిదాకా వేసే సన్నని గొట్టం), కీమో పోర్ట్ (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న డబ్బీ). చర్మం మీది బాక్టీరియాకి అవి రక్తంలోకి నేరుగా దారి. అమెరికాలోని మిషిగన్‌లో డాక్టర్ పీటర్ ప్రొనోవోస్ట్ బృందం ఐసీయూల్లో చేతులు కడగడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం, అవసరం తీరిన లైన్ తీసేయడం లాంటి ఐదు పనులు తప్పకుండా చేయిస్తే లైన్ ఇన్ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయని 2006లో ప్రచురించింది. అంతా మామూలు పనులే. లైన్ మూతిని రుద్ది తుడిచి, ఆరాకే మందు ఎక్కించమని నర్సుని అడగడానికి మొహమాటపడకండి, స్నానంలో పిక్ లైన్ తడవనివ్వకండి, కీమో అయిపోయాక "ఇది ఇంకా అవసరమా సార్?" అని మీరే అడగండి.