చీమల గూటికి లోహపు పోత: చెల్క నేలలో ఎలా పోయాలి?

కల్వకుర్తి, దేవరకొండ వైపు చెల్కల్లో (ఎర్ర ఇసుక నేలల్లో) ఎండాకాలం గెట్ల వెంట చూస్తే చిటికెనవేలు పట్టేంత బొరియ, దాని చుట్టూ వలయంగా పోసిన సన్నమట్టి, పక్కన గింజల పొట్టు కనిపిస్తాయి. పైకి తెలిసేది అంతే. ఆ గూడు ఎంత లోతు పోయింది, ఎన్ని గదులున్నాయి, ఏ గది ఎటు తిరిగింది అన్నది పారతో తవ్వి తెలుసుకోవడం కష్టం. గూడంటే మట్టిలోని ఖాళీ కాబట్టి, పార తగలగానే కూలిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోసి, చల్లారాక చుట్టూ ఉన్న మట్టిని తీసేస్తే గూటి ఆకారం చెక్కుచెదరకుండా బయటపడుతుంది.

ఈ పద్ధతిని శాస్త్రీయంగా నిలబెట్టిన వారిలో ముందు చెప్పుకోవలసిన పేరు ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ జీవశాస్త్రవేత్త వాల్టర్ చింకెల్. దంతవైద్యులు వాడే ప్లాస్టర్, పారఫిన్ మైనం, జింకు, అల్యూమినియం అన్నిటితోనూ ఆయన పోతలు పోశారు. గూళ్లకు పోతలు పోసే పద్ధతుల మీదే 2010లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. మైనపు పోతను తిరిగి కరిగిస్తే ఏ గదిలో ఎన్ని చీమలున్నాయో లెక్కపెట్టవచ్చు. ప్లాస్టర్ సన్నని సందుల్లోకి బాగా పారుతుంది కానీ తీసేటప్పుడు ముక్కలవుతుంది. అల్యూమినియం బరువు తక్కువ, తన కాళ్ల మీద తాను నిలబడుతుంది, మెరుస్తుంది. శిల్పంగా నిలబెట్టాలనుకునేవారు దాన్ని ఎంచుకోవడానికి కారణం ఇదే.

పోత బాగా రావడం కొలిమి కన్నా ఎక్కువగా గూటిని, నేలను ఎంచుకోవడం మీదే ఆధారపడుతుంది. 700 డిగ్రీలు దాటిన లోహం పోస్తే లోపల చీమ ఒక్కటీ బతకదు. గెట్ల మీద చీమలు మట్టిని గుల్ల చేస్తాయి, గాలి ఆడనిస్తాయి, గడ్డి గింజలు ఏరుకుపోతాయి. ఒక అలంకరణ వస్తువు కోసం బతికున్న గూటిని కాల్చడం మాకు సమ్మతం కాదు. చీమలు వదిలిపోయిన గూడే కావాలి. అలాంటివి అరుదేమీ కాదు. ఫ్లోరిడాలో గింజలు ఏరి దాచుకునే ‘గింజల చీమ’ సగటున ఏడాదికోసారి గూడు మారుస్తుందని, రెండు మీటర్ల లోతున్న కొత్త గూటిని సైతం వారం లోపే తవ్వుకుంటుందని చింకెల్ పరిశీలనల్లో తేలింది. మన దేశంలో డయకామా జాతి చీమలు కూడా తరచూ మకాం మారుస్తాయి. బొరియ చుట్టూ ఈకలు, పుల్లలు పేర్చుకునే పెద్ద నల్లచీమలు అవే. ఆ ఈకల మీద చేరిన మంచుబొట్లను అవి తాగుతాయని 1985లో చీమల పరిశోధకుడు మార్క్ మాఫెట్ రాశారు.

గూడు ఖాళీ అయిందని తేల్చుకోవడానికి నాలుగైదు రోజులు పొద్దున, సాయంత్రం చూడాలి. నోటి దగ్గర చిటికెడు బెల్లం, కాస్త జొన్నరవ్వ పెట్టి, తెల్లారి అది తరిగిందేమో గమనించాలి. మధ్యాహ్నం ఒక్కసారి చూసి ఖాళీ అనుకోవద్దు, మే ఎండకు చాలా చీమలు బయటికే రావు. బొరియకు అడ్డంగా సాలెపట్టు ఉంటే మంచి గుర్తు. అయితే ఖాళీ గూడు ఎక్కువ కాలం ఆగదు. ఒక గట్టి వాన పడితే పైగదుల కప్పులు కూలి మట్టి నిండుతుంది.

చెదపుట్టల జోలికి మాత్రం పోకూడదు. జనం పూజించే పుట్టలవి, పైగా వాటిలో పాములు చేరతాయి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం హద్దుల్లో ఏ గూటినీ ముట్టుకోవద్దు, అక్కడ వన్యప్రాణుల ఆవాసాన్ని పాడుచేయడం చట్టరీత్యా నేరం.

ఇక నేల. దక్షిణ తెలంగాణలో ఈ పనికి ఏప్రిల్, మే నెలలే సరైనవి. చెల్క, దుబ్బ నేలలు అప్పటికి బాగా ఆరి ఉంటాయి. పొడి మట్టి వేడిని మెల్లగా లాక్కుంటుంది, గదుల్లోని గాలిని తనలోంచి పోనిస్తుంది. లోహం గూటి అడుగుదాకా జారగలిగేది ఈ రెండు గుణాల వల్లే. రేగడి వద్దు. మే నాటికి రేగడి నెర్రెలు బారుతుంది, లోహం గూడు వదిలి నెర్రెల్లోకి పోతుంది, తవ్వితే చేతికొచ్చేది రేకుల్లాంటి నెర్రెల అచ్చు. చెల్కలో కూడా మీటరు దూరంలో రెండడుగుల గుంత తీసి అడుగు మట్టిని పిడికిట బిగించి చూడాలి. ముద్ద కట్టిందంటే ఆ నెల ఆగాలి. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు ఉబ్బుతుంది. తడి తగిలిన లోహం బొరియలోంచి మనిషి మొహం మీదికి చిమ్ముతుంది. అంత చిమ్మకపోయినా ఆవిరి బుడగలతో పోత గుల్లబారుతుంది. పారుతున్న బోరు పక్కన, డ్రిప్ పైపుల దగ్గర ఈ పని అసలే వద్దు.

లోహం పాత సామాన్ల కొట్లో దొరుకుతుంది కానీ అన్ని రకాల అల్యూమినియం ఒకటి కాదు. కూల్‌డ్రింక్ డబ్బాలు పల్చన, రంగు పూసినవి. కరిగితే సగం చిట్టెమే, అంటే పైన కట్టే మలినపు తెట్టే, తేలినట్టుంటుంది. సత్తు బగోనెలు దాదాపు స్వచ్ఛమైన అల్యూమినియం, 660 డిగ్రీల దగ్గర కరుగుతాయి. అన్నిటికన్నా మేలైనవి బండ్ల పిస్టన్లు, సిలిండర్ హెడ్లు. పిస్టన్ లోహంలో సాధారణంగా 12 శాతం దాకా సిలికాన్ ఉంటుంది. ఆ మిశ్రమం 577 డిగ్రీల దాకా పూర్తిగా గడ్డకట్టదు. 740 దగ్గర పోస్తే బగోనె లోహానికి గడ్డకట్టే లోపు 80 డిగ్రీల వెసులుబాటే ఉంటుంది, పిస్టన్ లోహానికి దాదాపు 160 డిగ్రీలు. పెన్సిలు లావు సొరంగంలో ఆ తేడాయే గూడు అడుగుదాకా నిండుతుందా, నడుమ ఆగిపోతుందా అన్నది తేలుస్తుంది. ఇంజన్ కవర్లలో కొన్ని మెగ్నీషియంవి ఉంటాయి. వేడికి అవి అంటుకుంటే ఆర్పడం కష్టం. అనుమానం ఉంటే ఆకురాయితో ఒకచోట గీరి వెనిగర్ చుక్క వేయాలి. బుసబుస పొంగితే అది మెగ్నీషియం, పక్కన పెట్టాలి. మూసుకుపోయిన గొట్టాలు, షాక్ అబ్జార్బర్లు కొలిమిలో పేలతాయి.

ఎంత లోహం కావాలో ముందే చెప్పలేం. 4 కిలోలు కరిగితే సుమారు 1.7 లీటర్ల ద్రవం అవుతుంది, మధ్యరకం గూటికి ఇది మొదలుపెట్టదగ్గ మోతాదు. మిగిలిన లోహాన్ని పోసుకోవడానికి ముందే వేడిచేసిన పొడి ఇనుప మూకుడు పక్కన ఉండాలి. లోహం మిగిలితే దిమ్మగా పనికొస్తుంది, చాలకపోతే పోత చెడుతుంది.

కొలిమికి ఇనుప డ్రమ్ములో అగ్గి ఇటుకలు పేర్చి, అడుగున గొట్టం పెట్టి, కమ్మరులు వాడే చిన్న బ్లోయర్ తగిలిస్తే చాలు. 4 కిలోల అల్యూమినియం కరగడానికి లెక్క ప్రకారం 150 గ్రాముల బొగ్గు వేడి సరిపోవాలి. అయితే ఇంత చిన్న కొలిమిలో మూసకు (లోహం కరిగించే పాత్రకు) అందేది అందులో పదోవంతు లోపే కాబట్టి రెండు మూడు కిలోల కట్టెబొగ్గు సిద్ధం చేసుకోవాలి. మూస మట్టి, గ్రాఫైట్ కలిపి చేసినదై ఉండాలి. కరిగిన అల్యూమినియం ఇనుమును మెల్లగా తినేస్తుంది, పల్చని ఇనుప డబ్బా నడుమలో చిల్లు పడితే లోహమంతా నిప్పుల్లోకి కారుతుంది. జింకు పూత బకెట్టు వాడితే ఆ పొగకు రాత్రికి జ్వరం వస్తుంది. ముక్కల్ని మూసలో బిగించి కూరొద్దు, వేడికి వ్యాకోచించి మూసను పగలగొడతాయి. తర్వాత వేసే ముక్కల్ని కొలిమి అంచున ఆరబెట్టి, వేడెక్కాకే వేయాలి.

ఎండలో కరిగిన అల్యూమినియం రంగు చూసి వేడి కనిపెట్టలేం. 700 డిగ్రీల దగ్గర కూడా అది వెండిలాగే ఉంటుంది, నీడలో అయితేనే ఎరుపు కాస్త తెలుస్తుంది. కె-రకం థర్మోకపుల్‌తో (ఎక్కువ వేడిని కొలిచే పరికరంతో) కొలిచి 720 నుంచి 760 మధ్య దించాలి. ఇంకా పెంచితే లోహం హైడ్రోజన్ పీల్చుకుంటుంది, గడ్డకట్టేటప్పుడు అది బుడగలుగా విడుదలై సూది బెజ్జాలు మిగులుస్తుంది.

బొరియ మీద అడుగు తీసేసిన టిన్ను డబ్బా నిలబెట్టి, చుట్టూ పొడి ఇసుక దట్టించి 15 సెంటీమీటర్ల ఎత్తు గొంతు కట్టాలి. ఆ ఎత్తు లోహం సుమారు 36 సెంటీమీటర్ల నీటి మట్టంతో సమానమైన ఒత్తిడి ఇస్తుంది, పక్క గదుల్లోకి నెట్టేది అదే. గూటికి వేరే నోళ్లుంటే ముందే మూయొద్దు, గాలి పోవాలి. వాటిలో లోహం తొంగిచూసినప్పుడు పొడవాటి పారతో ఎండుమట్టి వేసి అదమాలి. చిట్టెం ఇనుప గరిటెతో పక్కకు తీసి, ధార తెగకుండా పది పదిహేను సెకన్లలో పోసేయాలి. ధార ఆగితే పైన క్షణంలో ఆక్సైడ్ పొర కడుతుంది, తర్వాత పోసింది దానికి అతకదు. తీసేటప్పుడు పోత సరిగ్గా అక్కడే విడిపోతుంది. గొంతు నిండుగా ఉంచాలి, ఎందుకంటే గడ్డకట్టేటప్పుడు అల్యూమినియం ఆరు శాతం దాకా కుంచించుకుంటుంది. ఎంత నింపినా దూరపు గదుల మీద చిన్న సొట్టలు తప్పవు. వాటికి దారైన సన్న సొరంగం ముందే గడ్డకట్టి పైనుంచి లోహం అందదు.

పోసేవారు తోలు బూట్లు వేసుకుని, ప్యాంటు అంచు బూట్ల పైకి దించుకుని, మొహానికి షీల్డు, ఒంటికి తోలు ఏప్రాన్ కట్టుకోవాలి. టెరికాట్ బట్టలు వద్దు. సిమెంటు గచ్చు మీద మూస దించకూడదు, లోపలి తేమకు గచ్చు పెట్లుతుంది. చుట్టూ ఎండుగడ్డి చెక్కేసి, పొడి ఇసుక బకెట్టు దగ్గరుంచాలి. పిల్లలతో బడిలో చేయాలంటే లోహం మాటే ఎత్తొద్దు. కిలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను 800 మిల్లీలీటర్ల నుంచి లీటరు నీళ్లలో చల్లుతూ కలిపి, చిటికెడు నిమ్మ ఉప్పు వేస్తే గట్టిపడడం ఆలస్యమై పోయడానికి సమయం దొరుకుతుంది. విరిగిన ముక్కలకు అంకెలు వేసి అతికించుకోవచ్చు.

లోహం పోశాక కనీసం రెండు గంటలు ఆగాలి. నీళ్లు చల్లి తొందరపెట్టొద్దు, వేడి అల్యూమినియం పెళుసుగా ఉంటుంది. తవ్వకం పైనుంచి కాకుండా పక్కనుంచి జరగాలి. నోటికి అరమీటరు దూరంలో కందకం తీసి, అడుగు భాగం దాకా దిగి, అక్కడినుంచి వెదురు పుల్ల, కుంచెతో లోపలికి రావాలి. గడ్డపార మొదటి కందకానికే. కదిపేముందు ఉత్తర దిక్కు వైపు గొంతు మీద గీత గీయాలి. మొరం తగిలినచోట గదులు అడ్డంగా పరుచుకుని ఉండవచ్చు, అక్కడ లాగితే తెగుతాయి. కాలి అంటుకున్న మట్టిని రాత్రంతా నీళ్లలో నానబెట్టి బండ్లు కడిగే పంపు ధారతో కొడితే చాలావరకు రాలుతుంది. కాస్టిక్ సోడా వాడితే మట్టితోపాటు అల్యూమినియమూ కరుగుతుంది.

కడిగిన పోతను వెలుతురులో తిప్పి చూస్తే లోహం చర్మం మీద ఒక్కో ఇసుకరేణువు గుంట కనిపిస్తుంది. గది అడుగు చదునుగా, కప్పు కాస్త వంపుగా ఉంటుంది. ఫ్లోరిడా గింజల చీమ గూట్లో సన్నని ఊచకు సకినాలు గుచ్చినట్టు నిలువు దారి వెంట చదును గదులు వరుసగా ఉంటాయి. పైన పెద్దవి, దగ్గరదగ్గరగా. కిందికి పోయేకొద్దీ చిన్నవి, దూరదూరంగా. ఆ దారి నిటారుగా కాక మెలి తిరుగుతూ దిగుతుంది. మన గూళ్లలోనూ ఇలాగే ఉందా అన్నది పోతను కొలిచే చెప్పాలి. పల్చని రెక్కల్లా పొడుచుకొచ్చినవి నేల పగుళ్లు, గదులు కావు. కొనకు పోయేకొద్దీ సన్నబడి చీలే కాడ పాత వేరు దారి కావచ్చు. మొద్దుగా, గుండ్రంగా ఆగిపోయిన కొన దగ్గర గూడు ముగియలేదు, లోహం గడ్డకట్టింది. అక్కడ మట్టిలో బొరియ ఇంకా కిందికి కనిపిస్తే, ఆ చోటునుంచి రెండోసారి పోయవచ్చు.

పోతను చెక్కపీట మీద నిలబెట్టేటప్పుడు నోరు పైకే ఉంచాలి. చెట్టులా కనిపిస్తుందని తలకిందులు చేస్తే గూటి అసలు తీరు చూసేవారికి అర్థం కాదు. పీట కింద ఊరు, తేదీ, నేల రకం, పోసిన లోహం బరువు, గూటి లోతు రాసి అతికించాలి. గూటి చుట్టుపక్కల దొరికిన ఒకటి రెండు చచ్చిన చీమల్ని స్పిరిట్ సీసాలో వేసి పోతతోపాటే ఉంచితే, జాతి ఏదో నిపుణులు తర్వాతైనా తేల్చగలరు.