కరివేపాకు మీద వాలిన వేషగత్తె

అచ్చంపేట నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న: "ఉమామహేశ్వరం అడవిలో ఎర్రమచ్చల నల్ల సీతాకోకచిలుక ఉంటుందని, అది విషపుదని మా సార్ చెప్పారు. అదే మా పెరట్లో కరివేపాకు మీద గుడ్లు పెడుతోంది. ఆకు కూరలో వేసుకోవచ్చా అండీ?"

కడిగి వేసుకోండి. సార్ చెప్పింది నిజమే, కానీ మీ పెరట్లోది అది కాదు. రెక్కలు వదిలేసి పొట్ట చూడండి. విషపుది క్రిమ్సన్ రోజ్. దాని తల, పొట్ట కుంకుమ అద్దినట్టు ఉంటాయి. కరివేపాకు మీద గుడ్లు పెట్టేదాని పొట్ట నల్లగా ఉంటుంది. అది కామన్ మార్మన్ ఆడది. రెక్కలకు వేషం కట్టింది గానీ ఒంటికి రంగు పూసుకోలేదు.

గుడ్డు, గొంగళి, ప్యూపా బొమ్మలు బడిలో వేసే ఉంటారు, అవి వదిలేస్తున్నా. క్రిమ్సన్ రోజ్ గొంగళి ఈశ్వరవేరు తీగ ఆకులు తింటుంది. ఆ తీగలోని విషం రెక్కలొచ్చాక కూడా ఒంట్లో నిలిచే ఉంటుంది. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ ఆ రంగు జోలికి పోదు. (పాముకాటుకు ఈశ్వరవేరు నూరి తాగిస్తారు కొందరు. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. పాము కరిస్తే ఆసుపత్రికే పరుగెత్తాలి.)

మార్మన్‌కు విషం లేదు, వేషమే ఉంది. అదీ ఆడవాటికే. కొన్ని మగదానిలాగే ఉంటాయి, కొన్ని కామన్ రోజ్ అనే మరో విషపు సీతాకోకచిలుకలా, కొన్ని క్రిమ్సన్ రోజ్‌లా. ఒకే తల్లి గుడ్లలోంచి వేర్వేరు రూపాలు రావచ్చు. 1775లో క్రేమర్ అనే డచ్ కీటక శాస్త్రవేత్త పెట్టిన రోములస్ అనే పేరే ఇప్పుడు భారత్, శ్రీలంకల ఉపజాతికి ఉంది. క్రిమ్సన్ రోజ్ వేషం ఈ ఉపజాతి సొంతం. ఆగ్నేయాసియా ఉపజాతిలో అది కనబడదు, ఎందుకంటే అక్కడ క్రిమ్సన్ రోజే లేదు. ఆ ఎరుపు చూసి చేదు గుర్తు తెచ్చుకునే పిట్ట అక్కడెక్కడుంది?

మరి ఇక్కడ ఆడవన్నీ వేషం ఎందుకు కట్టవు? లెక్క వేయండి. పది ఎర్రవాటిలో తొమ్మిది విషపువైతే పిట్ట భయపడుతుంది. తొమ్మిది వేషగత్తెలైతే కమ్మగా తింటుంది. వేషాలు పెరిగిన కొద్దీ వేషం విలువ పడిపోతుంది.

ఇంత తతంగాన్నీ నడిపే మీట ఒక్క జన్యువు, డబుల్‌సెక్స్. ఆడా మగా తేడాను తీర్చే జన్యువే ఇది. 2014లో సీతాకోకచిలుకల శాస్త్రవేత్త కృష్ణమేఘ్ కుంటే బృందం దీన్ని బయటపెట్టింది. కామన్ రోజ్ వేషంలో ఈ జన్యువున్న ముక్క క్రోమోజోమ్‌లో తలకిందులుగా ఉంటుంది. అందుకే మామూలు ముక్కతో కలగాపులగం కాదు, సగం వేషం పుట్టదు.

రేపు కరివేపాకు దూసేటప్పుడు ఆకు మీద పిట్టరెట్టలా ఏదైనా కనిపిస్తే దులపకండి, అది దీని పిల్లే కావచ్చు. పెరిగి ఆకుపచ్చగా మారాక మెల్లగా తాకండి. తల వెనక నుంచి రెండు ఎర్ర కొమ్ములు బయటికొస్తాయి, ఘాటు వాసనతో.