టాలెంట్ షోల్లో మ్యాజిక్: అపోహలు - వాస్తవాలు

అపోహ: టీవీలో మ్యాజిక్ అంటే కెమెరా మాయ, ఎడిటింగ్.

వాస్తవం: అమెరికాస్ గాట్ టాలెంట్, బ్రిటన్స్ గాట్ టాలెంట్ లాంటి పోటీల్లో హాలు నిండా జనం ఉంటారు. జడ్జీలు ఎదురుగానే కూర్చుంటారు. వాళ్లు చూసేదానికి ఎడిటింగ్ ఉండదు. ఆడిషన్లను ప్రసారానికి ముందు కుదిస్తారన్నది నిజమే. కానీ దానివల్ల మెజీషియన్‌కు నష్టమే ఎక్కువ. పేకముక్క మాయమయ్యే క్షణంలో డైరెక్టర్ జడ్జి ముఖం చూపించాడంటే, ఇంట్లో చూసేవాళ్లు “అదిగో, అక్కడే ఏదో చేశారు” అంటారు. చేతులు ఏమీ చేయని చోట కూడా అనుమానం పుడుతుంది.

అందుకే రిహార్సల్‌కు ముందే డైరెక్టర్ చేతికి ఒక కాగితం ఇవ్వాలి. ఏ సెకనుకు ఏం జరుగుతుంది, ఏ షాట్ తెగకూడదు, ఏ మాట తర్వాత జడ్జి ముఖం చూపొచ్చు, క్రేన్ కెమెరా భుజం వెనక్కి రాకూడదు, ఇవన్నీ అందులో ఉండాలి. బల్లమీద గాజు, సన్‌మైకా వద్దు. ముక్క అడుగుభాగం వాటిలో కనిపించిపోతుంది. నల్లటి మందపాటి గుడ్డ పరవాలి. పూత వేసిన పేకముక్క స్టేజి లైట్లకు మెరిసి అంకె కనబడదు కాబట్టి, పై అంచును కాస్త ముందుకు వంచి చూపాలి. ఎంత వంచాలో రిహార్సల్లో మానిటర్ చూసుకునే తేల్చుకోవాలి.

అపోహ: చెయ్యి కంటికన్నా వేగం.

వాస్తవం: ఇంతకంటే పాతుకుపోయిన అపోహ మా రంగంలో లేదు. నిజానికి గబుక్కున కదిలిన చెయ్యే ముందు కంటపడుతుంది. పైగా ఇప్పుడు యూట్యూబ్‌లో వేగాన్ని పావు వంతుకు తగ్గించి, ఆపి ఆపి చూస్తారు. అక్కడ వేగం నిలవదు, కారణం నిలుస్తుంది. మార్కర్ కోసం చెయ్యి జేబులోకి వెళ్తే ఆ చేతిని ఎవరూ పట్టించుకోరు. ఊరికే వెళ్తే అందరూ పట్టించుకుంటారు.

2006లో గుస్తావ్ కూన్, మైఖేల్ ల్యాండ్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. మెజీషియన్ బంతిని రెండుసార్లు పైకి ఎగరేస్తాడు. మూడోసారి ఎగరేసినట్టు నటించి, చూపు మాత్రం పైకి పంపుతాడు. చూసినవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది బంతి పైకి వెళ్లి మాయమైందన్నారు. అదే మూడోసారి అతని చూపు చేతి మీదే ఉంటే, మోసపోయినవాళ్లు మూడో వంతుకు పడిపోయారు. మన తెలుగులో దీన్ని కనికట్టు అంటాం గానీ, కట్టేది కంటిని కాదు, ఎదుటివాడి అంచనాని.

అపోహ: జడ్జి పేక కలిపేశాక ఇక మెజీషియన్ చేతిలో ఏమీ ఉండదు.

వాస్తవం: పేకను రెండు సగాలు చేసి, అంచులు జార్చి కలిపే పద్ధతిలో 52 ముక్కలు బాగా కలవాలంటే సుమారు 7 సార్లు కలపాలని 1992లో డేవ్ బేయర్, పెర్సీ డయాకోనిస్ అనే గణితవేత్తలు లెక్క తేల్చారు. డయాకోనిస్ గణితంలోకి రాకముందు మెజీషియనే. టీవీలో జడ్జికి ఒకటి రెండుసార్లు కలిపే తీరికే ఉంటుంది. ఆ తర్వాత కూడా మొదటి వరుస చాలావరకు పేకలో దాగి ఉంటుంది. ఇంకో లెక్క చూడండి: పేకను సరిసగం చేసి, రెండు సగాల ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి తప్పకుండా అల్లుకునేలా, పై ముక్క పైనే ఉండేలా 8 సార్లు కలిపితే పేక మొత్తం మళ్లీ మొదటి వరుసకు వచ్చేస్తుంది. ఒక్క ముక్క జారినా లెక్క తప్పుతుంది. ఏసీ హాల్లో వేళ్లు పొడిబారి జారేది సరిగ్గా ఇక్కడే.

అపోహ: స్టేజి మీదికి పిలిచినవాళ్లంతా మెజీషియన్ ముందే మాట్లాడుకున్న మనుషులే.

వాస్తవం: మంచి ట్రిక్కుకు ఆ అవసరం లేదు. అవసరమల్లా స్పష్టమైన సూచనలు. “ముక్క మీద మీ పేరు పెద్దగా రాయండి, ఛాతీ ఎత్తులో పట్టుకుని అందరికీ చూపండి” అని వరసగా చెప్పాలి. చిన్నగా రాస్తే కెమెరాకు అందదు. పర్మనెంట్ మార్కర్లు రెండు ఉంచుకోవాలి, ఒకటి ఎండిపోవచ్చు. సంతకం ఆరడానికి కొన్ని సెకన్లు ఇవ్వకపోతే సిరా పక్క ముక్కకు అంటుకుని అంతా బయటపడిపోతుంది.

అపోహ: పెద్ద పెట్టెలు, రంపాలు ఉంటేనే గెలుస్తారు.

వాస్తవం: అమెరికా పోటీలో గెలిచిన మొదటి మెజీషియన్ మ్యాట్ ఫ్రాంకో, 2014లో. 2018లో గెలిచిన షిన్ లిమ్ దాదాపు ఏమీ మాట్లాడకుండా, సంగీతానికి పేకముక్కలతోనే ప్రదర్శన ఇస్తాడు. బ్రిటన్‌లో 2016లో గెలిచిన సైనికుడు రిచర్డ్ జోన్స్ కూడా ఫైనల్లో పేకే పట్టుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యానికి బందీగా చిక్కిన మెజీషియన్ ఫెర్గస్ ఆంకోర్న్ కథను ముక్కలతో చెప్పి, చివర్లో 97 ఏళ్ల ఆంకోర్న్‌నే స్టేజి మీదికి తెచ్చాడు. ఆ ముగింపు ముందు ఏ రంపమూ ఆగదు.

అపోహ: గెలవగానే పది లక్షల డాలర్లు చేతికొస్తాయి.

వాస్తవం: అమెరికా పోటీలో ఆ మొత్తం 40 ఏళ్ల పాటు విడతలుగా వస్తుంది. ఒకేసారి కావాలంటే నేటి విలువకు లెక్కకట్టి, తగ్గించి ఇస్తారు.

అపోహ: ట్రిక్కు బాగుంటే నిమిషం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

వాస్తవం: 1956 ఏప్రిల్ 9న బీబీసీ టీవీ కార్యక్రమం పనోరమా లైవ్‌లో మన దేశపు మెజీషియన్ పి.సి. సర్కార్ ఒక యువతిని రంపంతో కోసే ట్రిక్కు చేశారు. ఆమె లేచి నిలబడకముందే కార్యక్రమం ముగిసిపోయింది. అమ్మాయి చనిపోయిందనుకుని జనం బీబీసీకి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఆయన కావాలనే అలా ముగించారని మాలో చాలామంది అనుకుంటారు. పోటీలో మాత్రం ముగింపు కనబడకపోతే ఓట్లు పడవు. రెండు నిమిషాల ప్రదర్శనను 1:45కే కట్టుకోవాలి. మిగిలిన 15 సెకన్లలో 5 సెకన్లు వాలంటీర్ తడబాటుకు, 10 సెకన్లు చప్పట్లకు. సంగీతానికి చేసేవాళ్లు ఆ 1:45లోనే, ముగింపుకు ముందు 4 సెకన్ల ఖాళీ సంగీతం పెట్టించుకోవాలి. ముక్క కిందపడితే వంగి తీసుకోవడానికి సరిగ్గా అంతే పడుతుంది.