గిటార్ ఒంపులు ఎవరి సొత్తు?

గిటార్ ముట్టుకోనివాళ్లను కూడా ఓ ఎలక్ట్రిక్ గిటార్ బొమ్మ గీయమంటే, చాలామంది రెండు కొమ్ములూ సన్నటి నడుమూ గీస్తారు. అది ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్. చిక్కు కూడా అక్కడే వచ్చింది. ఆ ఆకారాన్నీ, టెలికాస్టర్ గిటార్, ప్రిసిషన్ బేస్ (మంద్రస్వరాల గిటార్) ఆకారాల్నీ తన ట్రేడ్‌మార్కులుగా నమోదు చేయమని ఫెండర్ 2003లో అడిగింది. 2009లో అమెరికా ట్రేడ్‌మార్క్ బోర్డు కుదరదు పొమ్మంది. ఎంతోమంది తయారీదార్లు దశాబ్దాలుగా అవే ఒంపులు కోసి అమ్ముతున్నారు, ఇప్పుడవి చూస్తే జనానికి గిటార్ గుర్తొస్తుంది గానీ ఫెండర్ ఒక్కటే గుర్తుకు రాదు అన్నది తీర్పు సారం.

నిజానికి ఈ ఒంపుల్లో చాలావరకు అందం కోసం పుట్టినవి కావు. 1936లో గిబ్సన్ కంపెనీ తెచ్చిన ఈఎస్-150 మామూలు జాజ్ గిటార్‌కు పికప్ (తీగల అదురును కరెంటు సంకేతంగా మార్చే పరికరం) తగిలించినదే. లోపలంతా బోలు. యాంప్లిఫయర్ సౌండ్ పెంచితే ఆ పొట్ట అదిరి, ఆ అదురు మళ్లీ పికప్‌లోకి దూరి, గిటార్ ఊళ పెట్టేది. పొట్ట తీసేస్తే ఊళ పోతుంది. 1940 ప్రాంతంలో లెస్ పాల్ అనే గిటారిస్టు నాలుగంగుళాల మందం పైన్ దుంగకే నెక్ (తీగలు సాగే పొడుగాటి మెడ), పికప్‌లు బిగించాడు. తర్వాత ఒక ఎపిఫోన్ గిటార్‌ను నిలువునా కోసి ఆ దుంగకు రెండు పక్కలా అతికించాడు. ధ్వనికి దుంగ ఒక్కటే చాలు. ఆ రెక్కలు చూసేవాళ్ల కోసం. శబ్దానికీ ఆకారానికీ ఉన్న పాత బంధం తెగింది అక్కడే అని నాకనిపిస్తుంది.

కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసే షాపు నడిపిన లియో ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు. 1950లో అతను మార్కెట్లోకి తెచ్చింది అచ్చం పలకలాంటి చెక్క. నెక్ మీద ఒంటికి దగ్గరగా ఉండే ఫ్రెట్లకు (స్వరాల మెట్లకు) చెయ్యి అందేలా ఒక పక్క గంటు పెట్టాడు, అంతే. దానికి బ్రాడ్‌కాస్టర్ అని పేరు పెడితే, ఆ పేరు తమ డ్రమ్ములదని గ్రెచ్ కంపెనీ అడ్డం తిరిగింది. 1951లో అది టెలికాస్టర్ అయింది. (అప్పట్లో తగువు పేరు మీద, ఆకారం మీద కాదు.) దాని అంచులు పక్కటెముకలకు గుచ్చుకుంటున్నాయని వాయించేవాళ్లు గొణిగారు. అందుకే స్ట్రాటోకాస్టర్‌కు వెనక పొట్ట ఆనేచోట లోతుగా, ముందు ముంజేయి ఆనేచోట వాలుగా చెక్కారు. పొడుగాటి పైకొమ్ము 1951 నాటి ప్రిసిషన్ బేస్ నుంచి వచ్చింది. భుజాన వేసుకునే బెల్టును ఆ కొమ్ము చివర తగిలించుకుంటే బరువైన నెక్ కిందికి వాలదు.

గిబ్సన్ 1952లో లెస్ పాల్ పేరుతో ఒంటికొమ్ము గిటార్ తెచ్చింది. దాని ముందుభాగం వయొలిన్‌లా ఉబ్బెత్తుగా ఉంటుంది. ఫెండర్ పక్కన తమది ముసలి కంపెనీలా కనబడుతోందని బాధపడి 1958లో ఫ్లయింగ్ వి, ఎక్స్‌ప్లోరర్ దించింది. ఇవి మాత్రం పూర్తిగా కంటికోసం చేసినవే. బాణం మొనలాంటి ఆ వి కూర్చుంటే తొడమీద నిలవదు. జారకుండా అంచున రబ్బరు పట్టీ వేశారు! రెండేళ్లలో ఆ ఫ్లయింగ్ వి వంద కూడా పోలేదు.

ఈలోగా లెస్ పాల్ గిటార్ అమ్మకాలు పడిపోయాయి. 1961లో గిబ్సన్ ఆ ఆకారాన్నే ఆపేసి, పల్చటి ఒళ్లూ రెండు వాడి కొమ్ములూ ఉన్న ఇంకోదానికి ఆ పేరు పెట్టింది. గిటారిస్టు లెస్ పాల్‌కు అది నచ్చలేదు. ఆయన పేరు తీసేశాక మిగిలిందే ఎస్‌జీ. 1963లో ఏకంగా కార్ల డిజైనర్ రే డీట్రిచ్‌తో ఫైర్‌బర్డ్ గీయించారు. అంతలో ఎరిక్ క్లాప్టన్ లాంటి బ్రిటిష్ కుర్రాళ్లు ఆ వదిలేసిన పాత లెస్ పాల్‌లనే పట్టుకున్నారు. గిరాకీ చూసి 1968లో గిబ్సన్ పాత ఆకారాన్ని మళ్లీ తెచ్చింది. పాతదానికి విలువ వచ్చాక నకళ్లూ వచ్చాయి, కోర్టులూ వచ్చాయి.

లెస్ పాల్ గిటార్ ఒంటి ఆకారానికి గిబ్సన్ ట్రేడ్‌మార్కు సంపాదించుకుంది కూడా. ఆ బలంతో పీఆర్‌ఎస్ అనే గిటార్ కంపెనీ మీద కేసు వేసింది. షాపులో కొనేవాడు పొరబడడని ఒప్పుకుంటూనే, పొగ నిండిన బార్‌లో దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయని వాదించింది. 2005లో అప్పీలు కోర్టు ఆ వాదన కొట్టేసింది. 2019లో యూరప్ కోర్టు ఫ్లయింగ్ వి విషయంలోనూ అదే దారి పట్టింది: 1958లో కొత్తదే కావచ్చు, 2010లో అర్జీ పెట్టేనాటికి అలాంటివి బోలెడు.

1977లో గిబ్సన్ మాతృసంస్థ ఐబనెజ్ గిటార్లు అమ్మే ఎల్గర్ కంపెనీ మీద వేసిన దావా ఒంటి గురించి కాదు, పైన మరలు బిగించే హెడ్‌స్టాక్ గురించి. ఇప్పటికీ స్ట్రాటోకాస్టర్ నమూనాలో గిటార్లు చేసే చాలా కంపెనీలు ఒంటిని అలాగే ఉంచి, తల ఒక్కటే కాస్త మార్చి కోస్తాయి.