వెబ్‌సైట్ ఎవరి కోసం కడుతున్నాం? అపోహలు - వాస్తవాలు

అపోహ: హోమ్ పేజీలో పెద్ద స్లైడర్ (ఒకదాని తర్వాత ఒకటి మారే బొమ్మలు), యజమాని సందేశం ఉంటేనే హుందాగా ఉంటుంది.

వాస్తవం: సైట్‌కి వచ్చేవాళ్లు ఏదో ఒక పని మీద వస్తారు. విశాఖలో ఓ క్లినిక్ సంగతే తీసుకోండి. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి కూడా రోగులు వస్తారు. వాళ్లకు కావాల్సింది డాక్టరుగారు ఇవాళ ఉంటారా, ఓపీ ఎన్నింటిదాకా, ఫీజెంత, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగాక ఎలా రావాలి. డిజైన్ మొదలుపెట్టే ముందు రిసెప్షన్‌లో ఫోన్ ఎత్తేవాళ్లను ఓ వారం పాటు వచ్చిన ప్రశ్నలన్నీ రాసి ఉంచమనండి. ఎక్కువసార్లు అడిగిన నాలుగైదింటికి జవాబులు మొదటి స్క్రీన్ మీదే కనబడాలి. ఫోన్ నంబరు నొక్కగానే కాల్ వెళ్లాలి. నంబరును బొమ్మలో పెట్టి వదిలేస్తే అది జరగదు.

అదే అరకులో హోమ్‌స్టే అయితే లెక్క వేరు. కోల్‌కతా నుంచి కుటుంబాలతో వచ్చేవాళ్లుంటారు కాబట్టి ఇంగ్లీషు, హిందీ తప్పనిసరి, బెంగాలీ ఉంటే మరీ మంచిది. గదుల ఫొటోలు, కిరండూల్ రైలు దిగాక ఎంత దూరమో ముందు చెప్పాలి.

అపోహ: ఇంగ్లీషు డిజైన్‌లో మాటలు మార్చేస్తే తెలుగు సైట్ అయిపోతుంది.

వాస్తవం: ఎక్కువ సైట్లు చెడేది ఇక్కడే. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపోయే 1.2 లైన్ హైట్‌లో (అక్షరం సైజుకు వరుస ఎత్తు ఎన్ని రెట్లో చెప్పే లెక్క) ‘రాష్ట్రం’ లాంటి మాట వస్తే వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. 1.6 నుంచి 1.8 పెట్టండి, అక్షరం 17 లేదా 18 పిక్సెళ్లు. బటన్‌కు ఎత్తు బిగించి, ఓవర్‌ఫ్లో హిడెన్ (హద్దు దాటినదాన్ని దాచేసే సెట్టింగ్) పెడితే వత్తు సగానికి తెగిపోతుంది, అందుకే ఎత్తు బదులు ప్యాడింగ్ (అక్షరాల చుట్టూ ఖాళీ) ఇవ్వండి. చిన్న ఫోన్ స్క్రీన్‌లా 360 పిక్సెళ్ల వెడల్పులో ప్రతి బటన్ చూసుకోండి.

పాంప్లెట్ కోసం అను ఫాంట్లలో (డీటీపీలో వాడే పాత తెలుగు ఫాంట్లు) కొట్టిన మ్యాటర్ నేరుగా అతికించకండి. అది అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ గుర్తుపట్టే యూనికోడ్ కాదు, చదివేవాళ్ల ఫోన్లో పిచ్చి గుర్తులు వస్తాయి, వెతికితే గూగుల్లో దొరకదు. కన్వర్టర్‌తో మార్చాక కూడా వత్తుల దగ్గర ప్రూఫ్ చూడాల్సిందే.

అపోహ: లేత బూడిద అక్షరాలు నాజూగ్గా ఉంటాయి.

వాస్తవం: బీచ్ రోడ్డు ఎండలో అవి కనబడవు. మామూలు సైజు అక్షరాలకు డబ్ల్యూసీఏజీ (వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండాలని చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకాలు) అడిగే కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ వెనక రంగుకూ వెలుగులో తేడా, 4.5:1. తెలుపు మీద 999999 కోడ్ ఉన్న లేత బూడిద రంగు 2.8 దగ్గరే ఆగిపోతుంది.

అపోహ: మా ఆఫీసులో అందరికీ నచ్చింది, ఇక పరీక్షించేదేముంది?

వాస్తవం: అసలు వాడేవాళ్లను ఐదుగురిని పిలవండి. వాళ్ల ఫోన్లోనే, మొబైల్ డేటా మీద సైట్ తెరిపించి ‘శనివారం ఓపీ ఉందేమో చూడండి’ అనండి, అంతే. మధ్యలో మీరు దారి చూపించకూడదు. వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనక్కి వెళ్లారో రాసుకోండి. ముందుగా సరిచేయాల్సినవి అవే.