హాస్టల్ భద్రత: తాళాలు, పొగ, పాముకాటు... అపోహలు - వాస్తవాలు

ఇంజినీరింగ్ కాలేజీలో సేఫ్టీ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. ఫస్టియర్ పిల్లల్ని హాస్టల్లో దించడానికి వచ్చే తల్లిదండ్రులు సీసీ కెమెరాలున్నాయా, గేటుకి తాళం ఎన్నింటికి వేస్తారు అని తప్పకుండా అడుగుతారు. మంటలు వస్తే మా అమ్మాయి ఏ మెట్లు దిగి బయటకు రావాలి అని అడిగేవాళ్లు చాలా తక్కువ. ఆ ప్రశ్న ప్రతి ఒక్కరూ అడగాలని నా కోరిక.

అపోహ: రాత్రి గ్రిల్‌కి తాళం పడితే పిల్లలు క్షేమంగా ఉన్నట్టే.

వాస్తవం: బయటివాళ్లు రాకుండా వేసిన తాళమే పొగ కమ్ముకున్నప్పుడు లోపలివాళ్లకు అడ్డం పడుతుంది. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమాహాల్లో 59 మంది చనిపోయారు. పొగలో ఊపిరాడకే ఎక్కువ మంది ప్రాణాలు పోయాయి. బాల్కనీ నుంచి బయటపడాల్సిన దారికి అదనపు సీట్లు అడ్డంగా ఉన్నాయి.

మా అమ్మాయిల హాస్టల్లో రాత్రిపూట, లైట్లు ఆపి డ్రిల్ పెట్టాం. వాచ్‌మన్ టార్చి చంకలో ఇరికించుకుని గుత్తిలోని తాళంచెవులు ఒక్కొక్కటీ పెట్టి తిప్పుతున్నాడు. అన్నీ ఒకేలా ఉన్నాయి. గ్రిల్ వెనక నుంచి పిల్లలు "తాతా, తొందరగా" అని అరుస్తుంటే ఆయన చేతులు ఇంకా తడబడ్డాయి. ఆయన తప్పేం లేదు, ఏర్పాటే అలా ఉంది. ఇప్పుడు ఆ తాళంచెవికి ఎర్ర టేపు చుట్టాం. ఇంకోటి వార్డెన్ మేడమ్ గదిలో, తలుపు పక్కనే మేకుకి వేలాడుతుంది. అసలు కావాల్సింది మాత్రం పానిక్ బార్ ఉన్న తలుపు. లోపలి నుంచి నెడితే తెరుచుకుంటుంది, బయటి నుంచి రాదు. యాజమాన్యాలు ఖర్చు అంటాయి. గేటు ముందు ఆర్చీకి దొరికే డబ్బు దీనికి ఎందుకు దొరకదో నాకు అర్థం కాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. చూడ్డానికి వచ్చినప్పుడు రెండో మెట్లదారి ఎక్కడుందో అడిగి, స్వయంగా దిగి చూడండి. చాలాచోట్ల అక్కడ విరిగిన మంచాలు, పాత పరుపులు ఉంటాయి.

అపోహ: మంట దగ్గరికి వచ్చేలోపు పరుగెత్తవచ్చు.

వాస్తవం: మంటకంటే ముందు పొగ వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, మనిషి తెలియకుండానే స్పృహ తప్పుతాడు. తలుపుని ముందు మునివేళ్ల వెనకభాగంతో తాకి చూడండి. వేడిగా ఉంటే తెరవొద్దు. తలుపు కింద సందులో తడి తువ్వాలు కుక్కి, కిటికీ దగ్గర నిలబడి ఫోన్ లైటు ఊపండి. దారి ఉంటే నేలకు వంగి వెళ్లండి. లిఫ్ట్ ఎక్కొద్దు.

అపోహ: వరండాలో మంటలార్పే ఎర్ర సిలిండర్ ఉంది కదా, చాలు.

వాస్తవం: దాని మీద ఉండే మీటరు ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందో లేదో చూశారా? పిన్ను లాగి, గొట్టాన్ని మంట మొదలుకి గురిపెట్టి నొక్కాలి. చిన్న సిలిండర్ కొద్ది సెకన్లలోనే ఖాళీ అయిపోతుంది. మంట చెత్తబుట్టంత ఉంటేనే ప్రయత్నించండి, అంతకు మించితే బయటకు వచ్చి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి హీటర్ రాడ్, ఇండక్షన్ స్టవ్, మూడు చార్జర్లు పెట్టే గదులంటేనే నాకు టెన్షన్. కరెంటు మంట మీద మెయిన్ ఆపకుండా నీళ్లు పోయకూడదు.

అపోహ: ఫిట్స్ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టాలి.

వాస్తవం: ఇనుముకీ ఫిట్స్‌కీ సంబంధం లేదు. అది కాసేపటికి దానంతటదే తగ్గుతుంది, మనం తాళాల వల్ల తగ్గిందనుకుంటాం. నోట్లో చెంచా పెడితే పళ్లు విరుగుతాయి. కాళ్లూ చేతులూ అదిమి పట్టకండి. తల కింద మెత్తటిది ఏదైనా పెట్టి, టైము చూడండి. కొట్టుకోవడం ఆగాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్లీ వచ్చినా 108.

అపోహ: పాము కరిస్తే పైన గట్టిగా కట్టు కట్టాలి, గాటు లేకపోతే భయం లేదు.

వాస్తవం: బిగించి కడితే రక్తం ఆడక కాలికే ప్రమాదం. కోయడం, నోటితో పీల్చడం కూడా వద్దు. మన కాలేజీలు చాలావరకు ఊరి బయట, పొలాల మధ్య ఉన్నాయి. వానాకాలం రాత్రి నేల మీద పడుకున్నవాణ్ని కట్లపాము కరిస్తే నొప్పి, వాపు దాదాపు ఉండవు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది, ఊపిరి ఆగిపోతుంది. పొద్దున్నే లేచిన కుర్రాడు "కళ్లు తెరవలేకపోతున్నానన్నా" అంటే నిద్రమత్తు అని కొట్టిపారేయకండి. కాలు కదపనివ్వకుండా యాంటీ వెనం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. పామును చంపి తీసుకెళ్లే పని లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ మందు ఒకటే.

అపోహ: 108కి ఫోన్ చేశాం, ఇక వాళ్లు చూసుకుంటారు.

వాస్తవం: గ్రౌండ్‌లో పడిపోయినవాడు పలకకపోతే, ఊపిరి సరిగా తీయకపోతే నోట్లో నీళ్లు పోయకండి. ఛాతీ మధ్యలో రెండు చేతులతో కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండండి. ఇంకొకరు ఫోన్‌లో ఏ గేటో, ఏ బ్లాకో చెప్పాలి. మరొకరు ఆ గేటు దగ్గరికి పరుగెత్తి, తీయించి, అక్కడే నిలబడాలి.

అపోహ: టూర్‌లో నది నీళ్లు మోకాళ్ల లోతే, దిగితే ఏం కాదు.

వాస్తవం: 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో లార్జీ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లు బియాస్ నదిలో ఒక్కసారిగా పెరిగి, హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థుల్ని తీసుకుపోయాయి. డ్యామ్ కింద నది ప్రశాంతంగా కనిపించినా దిగకండి. టూర్‌కి బయల్దేరేముందు విద్యార్థుల పేర్లు, బ్లడ్ గ్రూపులు, ఇంటి ఫోన్ నంబర్లు రాసిన కాగితం ఇద్దరు లెక్చరర్ల దగ్గర విడివిడిగా ఉంచండి. ఒక కాపీ కాలేజీ ఆఫీసులో పెట్టండి.