వెనుక నుంచి వచ్చిన సముద్రం

ఫ్రాన్స్ పశ్చిమ తీరాన, వాందే జిల్లాలో లా ఫోత్ సుర్ మేర్ అనే చిన్న ఊరు ఉంది. పడమట అట్లాంటిక్ సముద్రం, తూర్పున లే నది సముద్రంలో కలిసే పాయ, ఆ పాయకు అవతల కనుచూపు మేర చిత్తడి నేలలు. 2010 నాటికి ఏడాది పొడవునా అక్కడ కాపురం ఉన్నవారు దాదాపు వెయ్యి మందే. వేసవిలో మాత్రం ఊరు సెలవులకు వచ్చినవారితో నిండిపోతుంది. 2010 ఫిబ్రవరి 28, ఆదివారం తెల్లవారుజామున క్సింథియా తుపాను ఆ ఒక్క ఊరిలోనే 29 మందిని పొట్టన పెట్టుకుంది. సముద్రం దగ్గర ఇల్లు ఎక్కడ కట్టనివ్వాలి, ఎక్కడ కట్టనివ్వకూడదు అని ఫ్రాన్స్‌లో వాదన లేచినప్పుడల్లా ఈ ఊరి పేరు వినిపిస్తుంది.

ఆ రాత్రి అర్థం కావాలంటే ఆ నేల ఎలా పుట్టిందో తెలియాలి. ఇప్పుడు మరే ప్వాత్వాన్ అని పిలిచే ఆ చిత్తడి ప్రాంతమంతా ఒకప్పుడు సముద్రపు అఖాతం. నదులు, పోటు కలిసి ఒండ్రు తెచ్చి పోయగా అది మెల్లగా పూడిపోయింది. మధ్యలో సున్నపురాయి లంకలు కొన్ని తేలి ఉండేవి. సెయింట్ మిషెల్ ఆన్ లెర్మ్, త్రియేజ్, షైయే వంటి పాత ఊళ్లన్నీ ఆ లంకల మీద వెలిసినవే. ఆ చుట్టుపక్కల ఐదు మఠాల అధిపతులు కలిసి 1217లో నీరు తీయడానికి తవ్వించిన కాలువను నేటికీ ఐదుగురు మఠాధిపతుల కాలువ అనే పిలుస్తారు. 1599లో రాజు నాలుగో హెన్రీ, నెదర్లాండ్స్ నుంచి వచ్చిన హంఫ్రీ బ్రాడ్లీకి దేశమంతటా చిత్తడి నేలలను ఆరబెట్టే పని అప్పగించాడు. గట్టు కట్టడం, కాలువ తవ్వడం, తూము పెట్టడం: పల్లెల బతుకంతా ఈ మూడు పనుల చుట్టూ తిరిగింది.

గట్టు వేసి సముద్రం నుంచి లాక్కున్న భూమిని అక్కడ ‘ప్రీజ్’ అంటారు. పట్టుకున్నది అని ఆ మాటకు అర్థం. సముద్రం ఆ భూమిని మళ్లీ లాక్కుంటే, ఆ ముంపుకు పాత దస్తావేజుల్లో ‘వీమెర్’ అని పేరు. మనిషి ఆపలేని బలం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి అది వచ్చింది. 1977లో దివిసీమను ముంచిన దాన్ని మనం ఉప్పెన అన్నట్టే, వాళ్లకూ దానికొక సొంత మాట ఉండేది. మళ్లీ మళ్లీ వచ్చేదానికే జనం అలా పేరు పెట్టుకుంటారు. పాత రైతులకు ఆ ఎరుక ఉంది. ప్రీజ్‌లో పశువులను మేపారు, పైరు వేశారు, రాత్రి నిద్రకు మాత్రం మెరకకు చేరారు.

లా ఫోత్ ఆ లంక ఊళ్ల కోవలోది కాదు. దక్షిణానికి సాగుతూ పోయిన ఆర్సే అనే ఇసుక నాలుక మొదట్లో ఉంది అది. దిబ్బలు కదలకుండా సముద్రపు పైన్ చెట్లు నాటారు. 1953లో అది విడి గ్రామ పంచాయతీ అయింది. తర్వాతి దశాబ్దాల్లో, కారు ఉండి సెలవులు దొరికిన మధ్యతరగతివారు, ఉద్యోగ విరమణ చేసినవారు సముద్రపు గాలి కోసం వచ్చారు. దిబ్బల మీద చోటు చాలక, దిబ్బకూ నది గట్టుకూ మధ్య ఉన్న పల్లంలోకి, అంటే పాత ప్రీజ్‌లోకి ఇళ్లు దిగాయి. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ప్లాట్లు కొన్నవారు చూసింది పడమటి సముద్రాన్ని, దాన్ని అడ్డుకునే ఎత్తైన ఇసుక దిబ్బను. తూర్పున మట్టిగట్టు వెనుక రోజుకు రెండుసార్లు నీరు పొంగే నదిని ఎవరూ ప్రమాదంగా లెక్కపెట్టలేదు.

ఆ ఇళ్లను కాస్త దగ్గరగా చూడండి. ఎక్కువ భాగం ఒకే అంతస్తు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి మెట్లు లేని ఇల్లు సుఖం. కిటికీలకు మీట నొక్కితే కిందికి దిగే చుట్టు తలుపులు, కరెంటుతో నడిచేవి. ఆ రాత్రి పున్నమి పోటు, తుపాను గాలి ఒకే గంటలో కలిశాయి. లా రోషెల్ రేవులో నీటిమట్టం మామూలు పోటు కన్నా సుమారు మీటరున్నర పైకి లేచింది. నది పాయలోకి ఎగదన్నిన సముద్రం తూర్పు గట్టును దాటి, నిద్రలో ఉన్న ఇళ్ల మీద పడింది. కరెంటు పోయింది. కిటికీ తలుపులు తెరుచుకోలేదు. పైకి వెళ్లడానికి అంతస్తు లేదు. కప్పు పగలగొట్టుకుని బయటపడినవారు చలిలో తెల్లారేదాకా ఇంటిపైనే కూర్చున్నారు. చనిపోయినవారిలో ఎక్కువమంది వృద్ధులు, పిల్లలూ ఉన్నారు. సముద్రం నుంచి కాపాడవలసిన దిబ్బే అడ్డుగా నిలిచి, వచ్చిన నీటిని బయటికి పోనివ్వలేదు. పల్లం గిన్నెలా నిండిపోయింది.

హెచ్చరిక లేక జరిగింది కాదు ఇది. 1999 డిసెంబరు తుపాను తర్వాత ప్రభుత్వ యంత్రాంగం ముంపు ప్రమాద ప్రణాళికను మొదలుపెట్టింది. అది పూర్తిగా అమలయ్యేలోగా ఏళ్లు గడిచాయి. ఇళ్ల అనుమతులు ఆగలేదు. 2014 డిసెంబరులో లె సాబ్ల్ దొలొన్ కోర్టు, తుపాను నాటికి ఊరి మేయరుగా ఉన్నాయనకు నాలుగేళ్ల జైలు విధించింది. 2016 ఏప్రిల్‌లో ప్వాతియే అప్పీలు కోర్టు దాన్ని రెండేళ్లకు తగ్గించి, శిక్ష అమలును నిలిపి ఉంచింది. తమవారిని పోగొట్టుకున్న కుటుంబాలు ఈ మొత్తం కాలాన్నీ కోర్టు మెట్ల మీదే గడిపాయి.

తుపాను తర్వాత కొన్ని వారాలకే ప్రభుత్వం ‘నల్ల ప్రాంతాలు’ ప్రకటించి, రెండు జిల్లాల్లో కలిపి సుమారు 1,500 ఇళ్లను కొని కూల్చాలని నిర్ణయించింది. కొందరు ఊపిరి పీల్చుకున్నారు. మరికొందరు, మా ఇంట్లోకి నీరు అంతగా రాలేదు, ఎందుకు వెళ్లాలని నిలదీశారు. జీవితమంతా కూడబెట్టి కట్టుకున్న ఇంటిని యంత్రం కూలుస్తుంటే ఎదురుగా నిలబడి చూడటం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. అయినా ఆ నిర్ణయం సరైనదే అని నేను నమ్ముతాను. 2022లో లా ఫోత్, నదికి అవతలి ఒడ్డున ఉన్న లెగ్వియోన్ ఒకే గ్రామ పంచాయతీగా కలిశాయి. గట్లు ఎత్తు పెరిగాయి. ముంపు ప్రమాదం ఉన్న తీరపు ఊళ్లలో కొత్త నిబంధనలు, నీరు వచ్చినప్పుడు మనుషులు చేరుకునేందుకు నీటిమట్టానికి పైన ఒక చోటు ఇంట్లోనే ఉండాలంటున్నాయి.